పాత లారీకి ఏసీ: ఇంజన్ కిట్టా, బ్యాటరీ ఏసీనా, కూలర్ సరిపోతుందా?

మొత్తం బరువు 3.5 టన్నులు దాటే సరుకు వాహనాలకు డ్రైవర్ క్యాబిన్‌లో ఏసీ ఉండాల్సిందేనని కేంద్రం 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. అది 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే బండ్లకే వర్తిస్తుంది. అంతకు ముందు రోడ్డెక్కిన లారీలకు ఏ నిర్బంధమూ లేదు. అయితే నిర్బంధం లేదని రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండ తగ్గదు. పైగా కొత్త బండి నడిపి వచ్చిన డ్రైవరు పాత బండి తాళాలు తీసుకునే ముందే "ఏసీ ఉందా అన్నా?" అని అడుగుతున్నాడు. మంచి డ్రైవరును నిలుపుకోవాలన్నా, మీరే ఓనరూ మీరే డ్రైవరూ అయి నడుం పడిపోకుండా ఉండాలన్నా పాత బండికి ఏదో ఒకటి చేయక తప్పని రోజులొచ్చాయి.

ఏం చేయాలన్న దగ్గరే తికమక. విజయవాడ ఆటోనగర్‌లో తిరిగినా, హైదరాబాద్ ఆటోనగర్‌లో తిరిగినా ఇంజన్ బెల్టుతో నడిచే ఏసీ కిట్లు అమ్మేవాడు కిట్టే మేలంటాడు, టాప్ మీద పెట్టే బ్యాటరీ ఏసీ అమ్మేవాడు ఇంజన్ కిట్లు పాత పద్ధతి అంటాడు. పాత ఏసీ ఉన్న బండిని తీసుకెళ్తే, బానెట్ కూడా ఎత్తకుండానే "గ్యాస్ పట్టిస్తే అయిపోతుంది" అనేవాళ్లు ఎక్కువ. వీళ్లలో ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. మీ బండి గురించి ఎవరూ అడగరు, అదే చిక్కు.

అందుకని షాపుకు వెళ్లే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. మీకు చల్లదనం కావలసింది బండి నడుస్తున్నప్పుడా, ఆగి ఉన్నప్పుడా? తాడిపత్రిలో సిమెంట్ ఎత్తుకుని బెంగళూరు పోయే బండికి పగటి పరుగే ముఖ్యం. భీమవరం, ఆకివీడు వైపు నుంచి చేపల లోడుతో హౌరా వెళ్లే బండి ఇద్దరు డ్రైవర్లతో దాదాపు ఆగకుండా పోతుంది. అదే గుంటూరు మిర్చి యార్డు బయటో, ఎఫ్‌సీఐ గోడౌన్ ముందో, పోర్టు గేటు దగ్గరో క్యూలో గంటలు గంటలు నిలబడే బండి కథ వేరు. దానికి రోడ్డు మీద కంటే హాల్టులోనే ప్రాణం పోతుంది. ఈ రెండు రకాల బండ్లకూ కొనాల్సిన యంత్రం ఒకటి కాదు.

యంత్రం కంటే ముందు క్యాబిన్

పాత లారీలు చాలావాటిని ఛాసిస్ కొని బయట బాడీ కట్టించారు. చెక్క, రేకు, మధ్యలో సందులు. గేర్ రాడ్ దగ్గర రబ్బరు బూటు ఎప్పుడో చిరిగిపోయి ఉంటుంది. పెడల్స్ కింద కంతల్లోంచి రోడ్డు కనిపిస్తుంది. తలుపు రబ్బర్లు ఎండి రాయిలా గట్టిపడతాయి. ఇంజన్ బానెట్ క్యాబిన్ లోపలే ఉంటుంది, దాని మీద చెయ్యి పెట్టలేనంత వేడి. ఇలాంటి క్యాబిన్‌లో ఎంత పెద్ద ఏసీ పెట్టినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

సందులు పట్టుకోవడానికి పెద్ద సామాను అక్కర్లేదు. చీకటి పడ్డాక ఒకరు మంచి టార్చితో లోపల కూర్చుని తలుపులేసుకోవాలి, ఇంకొకరు బండి చుట్టూ, కిందా చూడాలి. వెలుగు ఎక్కడ బయటికొస్తే అక్కడ సుద్దముక్కతో గీత పెట్టుకోవాలి. తర్వాత ఇంజన్ ఆన్ చేసి బ్లోయర్ తిప్పి, తలుపు అంచుల వెంట, బానెట్ అంచు వెంట అగరబత్తి పట్టుకుని చూడండి. పొగ నిట్టనిలువుగా లేవకుండా ఒక పక్కకు లాగిందంటే అక్కడ గాలి వస్తోందో పోతోందో. టార్చికి దొరకని వంకర సందులు దీనికి దొరుకుతాయి.

బానెట్ లోపలి వైపు నిప్పు అంటుకోని రకం ఇన్సులేషన్ షీటు, టాప్ రేకుకూ సీలింగుకూ మధ్య నైట్రైల్ ఫోమ్, టాప్ పైన తెల్ల రంగు, కొత్త డోర్ రబ్బర్లు, గేర్ రాడ్‌కి కొత్త బూటు. ఇవన్నీ కలిపినా ఏసీ ఖర్చులో చిన్న భాగమే. మామూలు స్పాంజిని మాత్రం బానెట్ దగ్గరికి రానివ్వొద్దు. డీజిల్ తడి పీల్చుకుంటుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. అద్దాలకు నల్ల ఫిల్మ్ వేసి వేడి తగ్గిద్దామనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ముందు అద్దం నుంచి 70 శాతం, పక్క అద్దాల నుంచి 50 శాతం వెలుతురు లోపలికి రావాలన్నది రూలు. అంతకంటే ముదురు ఫిల్మ్ వేస్తే చలానా మీద చలానా.

ఈ పని చేయించిన తర్వాత కొందరు ఏసీ ఆలోచనే మానుకుని రెండు ఫ్యాన్లతో సరిపెట్టుకున్నారు. రాత్రిళ్లే ఎక్కువ నడిచే బండి అయితే అది తెలివైన నిర్ణయమే.

ఏసీ ఉన్న బండి అయితే: బాగు చేయించాలా, పీకేయాలా?

ఏసీ క్యాబిన్‌తో వచ్చిన పాత బండి మీ చేతికొచ్చి, చల్లదనం రావడం లేదనుకోండి. గ్యాస్ దగ్గర కాదు, గాలి దగ్గర మొదలుపెట్టాలి. బ్లోయర్ నాలుగో నంబరు మీద పెట్టినా గాలి నీరసంగా వస్తోందంటే కూలింగ్ కాయిల్ మీద దుమ్ము పేరుకుపోయిందని అర్థం. సిమెంటు, ఫ్లైయాష్ మోసే బండ్లలో ఈ కాయిల్ మీద తడి దుమ్ము గట్టిపడి ప్లాస్టరు వేసినట్టు అవుతుంది. దాన్ని విప్పి కడిగితే సగం కంప్లయింట్లు అక్కడే తీరిపోతాయి. తర్వాత చూడాల్సింది రేడియేటర్ ముందున్న కండెన్సర్, అంటే ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ. రెక్కల మధ్య దుమ్ము, పురుగులు, వరిపొట్టు. నీళ్లు ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టాలి. ముందు నుంచి ప్రెషర్‌తో కొడితే చెత్త ఇంకా లోపలికి దిగబడుతుంది, రెక్కలూ వంగిపోతాయి.

మూడోది చాలామంది మెకానిక్‌ల దృష్టికే రాదు: హీటర్ ట్యాపు. హీటర్ ఉన్న బండిలో ఇంజన్ వేడి నీళ్లు రెండు గొట్టాల ద్వారా డ్యాష్ కింద చిన్న రేడియేటర్‌లోకి వెళ్లి వస్తుంటాయి. ఆ ట్యాపు పూర్తిగా మూసుకోకపోతే ఒక పక్క ఏసీ చల్లబరుస్తుంటే ఇంకో పక్క వేడినీళ్లు వేడెక్కిస్తుంటాయి. గ్యాస్ ఎంత పట్టించినా గాలి గోరువెచ్చగానే వస్తుంది. హీటర్ ఆఫ్‌లో పెట్టి, బండి అరగంట నడిచాక, ట్యాపు దాటిన తర్వాతి గొట్టం పట్టుకుని చూడండి. అది కాలుతోందంటే దొంగ దొరికినట్టే. ఎండాకాలం మొత్తానికి ఆ లైను మూసి క్లాంపు బిగిస్తే రూపాయి పెద్దగా ఖర్చు లేకుండా ఏసీ బాగుపడిన బండ్లున్నాయి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా చల్లదనం లేకపోతే అప్పుడు గ్యాస్. ఏడాదికోసారి గ్యాస్ పట్టించడం మామూలే అని ఎవరైనా అంటే నమ్మకండి. గ్యాస్ పెట్రోల్‌లాగా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కంప్రెషర్ ముందు సీలు, ఛాసిస్‌కి రాసుకునే గొట్టాలు, గ్యాస్ పట్టించే వాల్వ్ పిన్నులు, రాయి తగిలిన కండెన్సర్, ఎక్కువగా ఈ నాలుగు చోట్లే. నైట్రోజన్ నింపి, సబ్బు నురగ రాసి చూస్తే బుడగలు వస్తాయి. నైట్రోజన్ లేదని వెల్డింగ్ ఆక్సిజన్ వాడబోతే అక్కడి నుంచి బండి తీసుకుని వచ్చేయండి. ఆక్సిజన్, కంప్రెషర్ ఆయిల్ కలిస్తే పేలుడే.

లీకు సరిచేశాక లైనులో తేమ పీల్చే డ్రయర్ మార్చాలి, కనీసం అరగంట వాక్యూమ్ పెట్టి లోపలి గాలి లాగేయాలి, ఆ తర్వాతే గ్యాస్. అదీ సిలిండర్‌ను కాటా మీద పెట్టి గ్రాముల లెక్కన. లారీ క్యాబిన్ ఏసీకి మామూలుగా కిలోకు అటూ ఇటూ పడుతుంది, అసలు ఎంత అన్నది బండి మీద స్టిక్కరులోనో కిట్టు కాగితంలోనో ఉంటుంది. గేజి ముల్లు చూసి చేతివాటంతో పట్టించే గ్యాస్ ఎక్కువైనా కూలింగ్ తగ్గుతుంది, ఇది చాలామందికి నమ్మబుద్ధి కాదు. ఇంకో జాగ్రత్త, బండి ఏసీల్లో వాడే ఆర్-134ఏ గ్యాస్ పేరు చెప్పి వంటగ్యాస్ జాతి మిశ్రమం నింపే చోట్లున్నాయి. చల్లగానే ఉంటుంది. కానీ అది మండే గ్యాస్, కాయిల్ ఉన్నది మీ మోకాళ్ల దగ్గర. సీలు తీయని సిలిండర్ మీ ముందే తీయమనండి.

పీకేయాల్సిన పరిస్థితి ఒకటుంది. కంప్రెషర్ లోపల అరిగి పట్టేసి, ఇనుప రజను గొట్టాలన్నిటిలోకీ పోతే కంప్రెషర్ ఒక్కటి మార్చి లాభం లేదు. ఆ రజను కొత్త దాన్ని కూడా నెలల్లోనే తినేస్తుంది. కండెన్సర్, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూడూ మారాలి, మిగతా లైన్లు ఫ్లష్ చేయాలి. ఈ కొటేషన్ కొత్త కిట్టు ధరలో సగం దాటిందంటే కిట్టే మేలు. డ్రయర్ విప్పినప్పుడు లోపలి ఆయిల్ తెల్ల గుడ్డ మీద పోసి చూడమనండి. నల్లగా మెరుస్తూ కనిపిస్తే బేరం అక్కడే తేలిపోతుంది.

ఇంజన్ మీద నడిచే కిట్

నడుస్తున్న బండికి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. ఇంజన్ పుల్లీ నుంచి బెల్టు, బెల్టుతో కంప్రెషర్, డ్యాష్ కింద కూలింగ్ యూనిట్, ముందో టాప్ మీదో కండెన్సర్. మన దగ్గర ఆటోనగర్లలో దీని పని తెలిసిన చేతులు చాలా ఉన్నాయి, విడిభాగాలు చిన్న ఊళ్లలో కూడా దొరుకుతాయి. శాండెన్ కంపెనీ రకం 138 సీసీ కంప్రెషర్ మామూలు క్యాబిన్‌కి సరిపోతుంది, స్లీపర్ ఉన్న పెద్ద క్యాబిన్ అయితే 155 సీసీది చూడండి. పాత కారు నుంచి పీకిన చిన్న కంప్రెషర్‌తో కిట్టు కట్టి తక్కువకు ఇస్తామంటారు. శీతాకాలంలో బిగిస్తే బాగున్నట్టే ఉంటుంది, ఏప్రిల్ రాగానే చేతులెత్తేస్తుంది.

డీజిల్ ఎంత తాగుతుంది అన్నది అందరి ప్రశ్న. కంప్రెషర్ పూర్తి లోడు మీద మూడు నుంచి ఐదు హార్స్‌పవర్ లాగుతుంది. ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి సగటున మూడు హార్స్‌పవర్ అనుకుంటే గంటకు సుమారు అర లీటరు డీజిల్. గంటకు పది లీటర్లు తాగే బండికి అది ఐదు శాతం. అద్దాలు దించుకుని మండుటెండలో నడిపి, రెండు గంటలకోసారి చెట్టు కింద ఆపే డ్రైవరు పోగొట్టే సమయంతో పోలిస్తే ఇది లెక్కలోది కాదు. శ్రీశైలం ఘాట్ లాంటి చోట్ల లోడు మీద ఎక్కేటప్పుడు కాసేపు ఆఫ్ చేసుకుంటే ఇంజన్‌కీ సుఖం, టెంపరేచర్ ముల్లుకీ సుఖం.

కండెన్సర్ ఎక్కడ పెట్టాలన్నదే ఇక్కడ అసలు ఆలోచన. రేడియేటర్ ముందు పెడితే బిగింపు తేలిక, ఖర్చు తక్కువ. కానీ పాత ఇంజన్‌కు వేడి గాలి తగిలి అసలే అంతంతమాత్రంగా ఉన్న రేడియేటర్ మీద భారం పెరుగుతుంది. మీ బండి ఎండలో లోడు మీద టెంపరేచర్ పైకి చూపిస్తుంటే ముందు రేడియేటర్ బాగు చేయించి తర్వాత ఏసీ మాట ఎత్తండి, లేదా సొంత ఫ్యాన్లున్న కండెన్సర్‌ను క్యాబిన్ టాప్ మీదో వెనకో పెట్టించండి. క్వారీలో తిరిగే టిప్పర్‌కి నేనైతే టాప్ మీదే పెట్టమంటాను. కింద రాళ్లు, దుమ్ము, పైగా బండి స్పీడు లేక ముందు గాలి కూడా తగలదు.

కరెంటు విషయంలో ఒక తప్పు విపరీతంగా జరుగుతోంది. లారీ 24 వోల్టులు, కారు సామాను 12 వోల్టులు. కారు బ్లోయర్, కారు క్లచ్ పెట్టి, రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి మాత్రమే 12 వోల్టులు లాగుతారు. ఏసీ పనిచేస్తుంది. కానీ ఆ ఒక్క బ్యాటరీ ఎప్పుడూ తక్కువ ఛార్జితో, రెండోది ఎక్కువ ఛార్జితో నడిచి రెండూ తొందరగా పోతాయి. కొన్నాళ్లకు సెల్ఫ్ కొట్టక, బ్యాటరీ కంపెనీని తిట్టుకుంటారు. కిట్టు మొత్తం 24 వోల్టులదే కావాలని బిల్లు మీద రాయించుకోండి.

ముందుకు వంచే క్యాబిన్ ఉన్న బండి అయితే గొట్టాల చివర్లు నొక్కి బిగించే (క్రింప్ చేసే) ముందు క్యాబిన్‌ను పూర్తిగా ముందుకు వంచి పొడవు కొలవాలి. వంచకుండా కొలిచిన గొట్టం మొదటిసారి ఇంజన్ పనికి క్యాబిన్ ఎత్తినప్పుడు పీకి చేతికొస్తుంది, గ్యాస్ మొత్తం గాల్లో కలుస్తుంది.

బ్యాటరీ ఏసీ: ఆంప్స్ లెక్క తెలియకుండా కొనొద్దు

ఇంజన్ ఆపి పడుకున్నప్పుడు కూడా నడిచే లారీ ఏసీ ఇదొక్కటే. టాప్ మీద ఒకే డబ్బాలా వచ్చేవి కొన్ని, కండెన్సర్ క్యాబిన్ వెనక, కూలింగ్ యూనిట్ లోపల ఉండే స్ప్లిట్ రకాలు కొన్ని. యూట్యూబ్‌లో చూస్తే మతిపోతుంది. అమ్మేవాడు "ఎనిమిది గంటలు వస్తుంది" అంటాడు. దేని మీద వస్తుందో చెప్పడు.

లెక్క వేద్దాం. మీ బండికి 130 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలు రెండున్నాయి. 24 వోల్టుల్లో అది సుమారు 3,100 వాట్-అవర్లు. మామూలు లెడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తే దాని ఆయుష్షు పడిపోతుంది, పొద్దున సెల్ఫ్ కూడా కొట్టాలి. అంటే వాడుకోదగ్గది 1,500 చిల్లర. ఏసీ 30 ఆంప్స్ లాగితే గంటకు 720 వాట్-అవర్లు. మీకు దక్కేది రెండు గంటలు. ఎండాకాలం రాత్రి పడుకున్న రెండు గంటల్లోనే ఏసీ ఆగిపోయి, చెమటతో లేచి, సెల్ఫ్ కొడితే టక్ టక్‌మని చప్పుడు. కొన్నవాళ్లలో చాలామంది పడే తిప్పలు ఇవే.

అందుకే బ్యాటరీ ఏసీ ధర అంటే డబ్బా ధర ఒక్కటే కాదు. ఏసీకి విడిగా బ్యాటరీలు కావాలి, బండి స్టార్టింగ్ బ్యాటరీలు దాని జోలికి రాకూడదు. 24 వోల్టుల 200 ఏహెచ్ లిథియం పెట్టిస్తే సుమారు 5,000 వాట్-అవర్లు, అందులో ఎనభై శాతానికి పైనే వాడుకోవచ్చు. అప్పుడు ఆరేడు గంటలు నిజంగానే వస్తాయి. గది చల్లబడ్డాక మంచి ఇన్వర్టర్ కంప్రెషర్ తక్కువ ఆంప్స్‌కి దిగుతుంది కాబట్టి తెల్లవారేదాకా కూడా రావొచ్చు.

ఇక ఛార్జింగ్. పాత లారీల డైనమోలు చాలావరకు 35 నుంచి 55 ఆంప్స్‌వి. రాత్రి హెడ్‌లైట్లకే ఆరు ఆంప్స్, మిగతా లైట్లు, వైపర్లు కలిస్తే పది దాటుతుంది. మిగిలిన దాంతో 200 ఏహెచ్ బ్యాటరీ నిండాలంటే రోజంతా నడవాలి. పైగా లిథియం ఖాళీగా ఉన్నప్పుడు ఎంత ఇస్తే అంత మింగుతుంది. డైనమో ఆగకుండా పూర్తి లోడు మీద తిరిగి వైండింగ్ కాలిపోతుంది. మధ్యలో కరెంటును అదుపు చేసే డీసీ ఛార్జర్ ఉండాలి, డైనమో 80 ఆంప్స్‌కో అంతకు మించో మారాలి. ఏసీ, బ్యాటరీలు, ఛార్జర్, డైనమో, మందపాటి కేబుల్, బ్యాటరీ పక్కనే ఫ్యూజు. ఈ ఆరింటికీ కలిపి ఒకే కొటేషన్ ఇవ్వమనండి. ఇవ్వలేని షాపు డబ్బా మాత్రమే అమ్ముతోందని అర్థం.

అంత పెట్టడం గిట్టుబాటేనా? దీన్ని రాత్రంతా ఇంజన్ ఆన్‌లో ఉంచి పడుకోవడంతో పోల్చాలి. ఆరు సిలిండర్ల ఇంజన్ ఊరికే తిరిగితే గంటకు లీటరున్నర అటూ ఇటూ తాగుతుంది, ఏసీ కంప్రెషర్‌తో ఇంకాస్త. ఎనిమిది గంటలకు పన్నెండు నుంచి పదహారు లీటర్లు, లీటరు వంద రూపాయలనుకుంటే రాత్రికి పన్నెండు వందల నుంచి పదహారు వందలు. నెలకు పది పన్నెండు రాత్రులు అలా హాల్టు పడే బండి అయితే మీ కొటేషన్‌ను నెలకయ్యే ఈ డీజిల్ ఖర్చుతో భాగించి చూడండి, ఎన్ని నెలల్లో తిరిగొస్తుందో తెలుస్తుంది. నెలకు రెండు మూడు రాత్రులే అయితే ఆ లెక్క ఎన్నటికీ తేలదు. ఓనర్లు ఇక్కడ ఇంకో ప్రశ్న వేసుకోవాలి: ఈ బండి ఇంకా ఎన్నేళ్లు నడుస్తుంది? రెండేళ్లలో అమ్మేసే బండికి ఇది వద్దు. అయితే బ్యాటరీ ఏసీకి ఒక సుగుణం ఉంది. బండి అమ్మేటప్పుడు విప్పి ఇంకో బండికి మార్చుకోవచ్చు, ఇంజన్ కిట్టుతో అది అంత తేలిక కాదు.

టాప్ మీద డబ్బా పెట్టడానికి రేకు కోస్తారు. కోసిన చోట కింద ఇనుప ఫ్రేము వేయకపోతే గతుకులకు రేకు పగిలి, తొలకరి వానకే నీళ్లు సీటు మీద పడతాయి. చెక్క టాపు అయితే స్ప్లిట్ రకమే తీసుకోండి.

కూలర్: ఎక్కడ తిరుగుతారన్నదే ముఖ్యం

24 వోల్టుల మోటారు, నీళ్ల ట్యాంకు, ప్యాడ్లు. టాప్ మీద బిగించే కూలర్ ఏసీతో పోలిస్తే చాలా చవక, కరెంటు ఫ్యాన్ అంత లాగుతుంది. ఇది పనిచేస్తుందా అంటే గాలిలో తడిని బట్టి. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉన్నప్పుడు, అంటే అనంతపురంలోనో ఆదిలాబాద్‌లోనో ఏప్రిల్ మధ్యాహ్నం, మంచి కూలర్ 28 డిగ్రీల గాలి ఇస్తుంది. అదే మచిలీపట్నంలో 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్నప్పుడు 31 కంటే కిందికి రాదు, అదీ ఒళ్లంతా జిగటగా. కోస్తాలో తిరిగే బండికి కూలర్ దండగ. రాయలసీమ, తెలంగాణ, అవతల నాగపూర్ దాకా తిరిగే బండికి మే నెల గడిచేదాకా హాయిగా సరిపోతుంది. ఏసీకి మూసినట్టు కూలర్‌కి క్యాబిన్‌ను పూర్తిగా మూసేయకూడదు, ఒక అద్దం నాలుగు వేళ్లంత దించి ఉంచాలి. తడిగాలి బయటికి పోతేనే కొత్త గాలి చల్లగా వస్తుంది.

ఇంట్లో వాడే ఏసీని ఇన్వర్టర్ మీద లారీకి బిగించినవాళ్లూ ఉన్నారు. రాగి పైపులు రోడ్డు అదురుకు జాయింట్ల దగ్గర పగులుతాయి, ఇన్వర్టర్‌లో పది పదిహేను శాతం కరెంటు వృథా, పైగా క్యాబిన్‌లో 230 వోల్టులు. జనరేటర్‌తో ఒకే చోట రోజుల తరబడి నిలబడే బోరు బండికి తప్ప ఎవరికీ చెప్పను.

హీటర్ ఎవరికి?

మన బండ్లలో చాలావాటికి హీటర్ అవసరం రాదు. డిసెంబరు, జనవరిలో ఉత్తరాదికి పోయేవాళ్లకు కావాలి. పాత బండ్ల విషయంలో ఆ ప్రయాణాలు కూడా తగ్గుతున్నాయి. కాలుష్య ప్రమాణాల్లో బీఎస్-3, అంతకంటే పాత సరుకు వాహనాలు బయటి రాష్ట్రాలవైతే 2025 నవంబర్ 1 నుంచి ఢిల్లీలోకి రానివ్వడం లేదు. అయినా నాగపూర్ దాటి జబల్‌పూర్, కాన్పూర్ వైపు పొగమంచులో నడిపే బండి ముందు అద్దం లోపల మసక పట్టకుండా ఉండాలంటే వేడి గాలి కావాల్సిందే.

హీటర్ ఉండి పనిచేయకపోతే ముందుగా అడగాల్సింది "థర్మోస్టాట్ ఉందా?" అని. ఇంజన్ నీళ్లు కాగేదాకా వాటిని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్ అది. మన ఎండలకు ఇంజన్ వేడెక్కుతోందని దాన్ని తీసి పారేయడం మన మెకానిక్‌లకు అలవాటు. అది లేకపోతే చలిలో ఇంజన్ నీళ్లు ఎప్పటికీ సరిగా కాగవు, హీటర్‌లో గోరువెచ్చటి గాలే. 82 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ తిరిగి పెట్టిస్తే హీటరే కాదు, డీజిల్ ఖర్చూ కాస్త తగ్గుతుంది. ఎండాకాలం ఇంజన్ వేడెక్కితే తప్పు రేడియేటర్‌ది, థర్మోస్టాట్‌ది కాదు.

కశ్మీర్ ఆపిల్ లోడ్లకు వెళ్లి రాత్రిళ్లు క్యాబిన్‌లోనే పడుకునేవాళ్లకు డీజిల్‌తో విడిగా మండే చిన్న ఎయిర్ హీటర్లున్నాయి. వెబాస్టో, ఎబర్‌స్పాకర్ పేర్లు పాతవి, చైనా రకాలు ఇప్పుడు ఎక్కువ. రెండు కిలోవాట్లది గంటకు పావు లీటరుకు అటూ ఇటూ తాగుతుంది, మొదట వెలిగేటప్పుడు తప్ప బ్యాటరీ మీద భారం లేదు. దీనిలో రాజీ పడకూడనిది పొగ గొట్టం. అది క్యాబిన్ కింద నుంచి దూరంగా, ఏ సందులోంచీ వెనక్కి రాని వైపు పోవాలి. పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. బొగ్గుల కుంపటి పెట్టుకుని అద్దాలెత్తి పడుకుంటే తెల్లారి లేవరు. అలాంటి చావులు ఏటా చలికాలంలో పేపర్లలో వస్తూనే ఉన్నాయి.

ఏ బండికి ఏది

పగలంతా నడిచి రాత్రి ఇంటికో ఆఫీసుకో చేరే బండికి ఇంజన్ కిట్టు. ఇద్దరు డ్రైవర్ల లాంగ్ రూటు బండికీ అదే, కాకపోతే 155 సీసీతో, స్లీపర్ దాకా గాలి చేరేలా ఒక అదనపు డక్టుతో. యార్డు క్యూల్లో, పోర్టు గేట్ల దగ్గర రాత్రిళ్లు గడిపే బండికి విడి బ్యాటరీలు పెట్టించిన బ్యాటరీ ఏసీ. పగలు కూడా అదే వాడుకోవచ్చు కదా అంటారు. వాడుకోవచ్చు. కానీ మే నెల మధ్యాహ్నం ఎదురెండలో అది క్యాబిన్ మొత్తాన్ని కాకుండా మీ ముఖాన్నే చల్లబరుస్తుంది, అందుకు సిద్ధపడాలి. సీమ, తెలంగాణ రూట్లలో తిరుగుతూ రెండేళ్లలో అమ్మేసే బండికి కూలర్, ఇన్సులేషన్. ఇంజన్ కిట్టు, బ్యాటరీ ఏసీ రెండూ పెట్టించే స్తోమత ఉంటే ముందు ఇంజన్ కిట్టు పెట్టించి ఒక ఎండాకాలం చూడండి, హాల్టుల్లో ఎంత ఇబ్బంది పడ్డారో అప్పుడు తెలుస్తుంది.

డబ్బు తక్కువున్నవాళ్లు స్క్రాప్ అయిన బస్సుల, లారీల కిట్లు అడుగుతుంటారు. కండెన్సర్, గొట్టాలు పాతవి వద్దు. పాత కంప్రెషర్ తీసుకోవచ్చు, కానీ గొట్టాల రంధ్రాలు మూతలు పెట్టి మూసి ఉంటేనే. నెలల తరబడి తెరిచి పడేసిన దాంట్లోకి తేమ పోయి లోపల తుప్పు పట్టి ఉంటుంది. ముందు ప్లేటును చేత్తో తిప్పండి, మెత్తగా, ఒకే బిగువుతో తిరగాలి. మధ్యలో పట్టుకుని వదులుతుంటే పక్కన పెట్టేయండి.

బిగింపు పూర్తయ్యాక మధ్యాహ్నం పూటే బండి డెలివరీ తీసుకోండి. సాయంత్రం చల్లబడ్డాక ఏ ఏసీ అయినా బాగానే పనిచేస్తుంది. అద్దాలెత్తి, లోపలి గాలే తిరిగేలా పెట్టి, ఇంజన్ కిట్టు అయితే 1,500 ఆర్‌పీఎం మీద పది నిమిషాలు నడిపి, గాలి వచ్చే చోట చిన్న థర్మామీటర్ పెట్టండి. బయట 40 ఉంటే అక్కడ 14 లోపు చూపించాలి. బ్యాటరీ ఏసీ అయితే ఇంజన్ ఆపి గంట నడిపించి, వెంటనే సెల్ఫ్ కొట్టి చూడండి. బ్యాటరీ ఎంతకు దిగితే ఏసీ ఆగిపోతుందో, ఆ కట్-ఆఫ్ వోల్టేజి ఎంతకు పెట్టారో అడిగి రాసుకోండి. పట్టించిన గ్యాస్ గ్రాములు, ఆయిల్ రకం, కంప్రెషర్ నంబరు బిల్లు మీద ఉండాలి, రేపు ఇంకో ఊళ్లో ఇంకో మెకానిక్ చేతిలో పడ్డప్పుడు అవే పనికొస్తాయి. కొత్త బెల్టు మొదటి వెయ్యి కిలోమీటర్లలో సాగుతుంది. తిరిగొచ్చి బిగింపు చూపించుకుంటామని చెప్పి, దానికి మళ్లీ డబ్బులు అడగరని ముందే మాట తీసుకుని బండి కదిలించండి.